అతిథి ఇంటివాడయ్యేదాకా: ఆతిథ్యంతో, గృహ కూడికలతో సహవాసం కట్టుకునే సమగ్ర మార్గదర్శి

ఆదివారం ఆరాధన అయిపోయాక గుమ్మం దగ్గర "బాగున్నారా?" అని అడుగుతాం. "దేవుని కృప, బాగున్నాం" అంటారు. అంతే, ఎవరి దారి వారిది. ఏళ్ల తరబడి ఒకే వరుసలో కూర్చుంటున్న మనిషి ఇల్లు ఎక్కడో కూడా తెలియకుండా గడిచిపోతుంది. నేనూ చాలాకాలం అలాగే ఉన్నాను.

మా ఇంట్లో కూడికలు మొదలుపెట్టిన కొత్తలో, ఒక సాయంత్రం భోజనాలయ్యాక ఒక సోదరి వంటగదిలోకి వచ్చింది. నేను ప్లేట్లు కడిగి ఇస్తున్నాను, ఆమె గుడ్డతో తుడిచి పక్కన పేరుస్తోంది. ఇద్దరం గోడవైపు తిరిగి ఉన్నాం, ఒకరి మొహం ఒకరికి కనబడట్లేదు. నాలుగో ప్లేటు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. "మా ఆయన ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు" అంది. అరగంట ముందే అందరినీ ప్రార్థన విన్నపాలు అడిగాం. అప్పుడు ఆమె "అందరి ఆరోగ్యం కోసం" అని మాత్రమే చెప్పింది.

ఆ రోజు నుంచి ఆతిథ్యం గురించి నా ఆలోచన మారింది. ఒక మనిషిని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, అన్నీ చేతికి అందించి, మర్యాదగా సాగనంపితే అతను అతిథిగా వచ్చి అతిథిగానే వెళ్లిపోతాడు. చేతికి ఒక గుడ్డ ఇచ్చి పక్కన నిలబెట్టుకుంటే ఇంటివాడవుతాడు. ఎవరిని పిలవాలి, ఎలా కూర్చోవాలి, భోజనం ఎలా, ఎప్పుడు ముగించాలి, వేటికి వద్దనాలి అని కింద చెప్పేదంతా ఆ ఒక్క మార్పు కోసమే.

ఇళ్లలో పెరిగిన సంఘం

పని మొదలుపెట్టే ముందు కొంచెం వాక్యంలోకి వెళదాం. ఇది మనం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదని తెలిస్తే ధైర్యం వస్తుంది.

అపొస్తలుల కార్యములు 2:46లో విశ్వాసులు రోజూ దేవాలయంలో కూడుకునేవారు, "ఇంటింట రొట్టె విరుచుచు" ఉండేవారు. రెండూ ఉన్నాయి, ఒకటి రెండోదానికి బదులు కాలేదు. పేతురు చెరసాల నుంచి బయటపడిన రాత్రి నేరుగా వెళ్లింది మార్కు తల్లి మరియ ఇంటికే. అక్కడ చాలామంది కూడి ప్రార్థన చేస్తున్నారు (12:12). ఫిలిప్పీలో లూదియ బాప్తిస్మం పొందగానే చేసిన మొదటి పని, పౌలును, అతనితో ఉన్నవాళ్లను తన ఇంటికి రమ్మని బలవంతం చేయడం. తర్వాత పౌలు, సీల చెరసాల నుంచి విడుదలైనప్పుడు సహోదరులను కలుసుకున్నది కూడా ఆ ఇంట్లోనే (16:40). అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టుకుని బతికేవారు. వాళ్ల ఇంట్లో సంఘం ఉండేదని పౌలు రెండుసార్లు రాశాడు (రోమా 16:5, 1 కొరింథీ 16:19). లవొదికయ సంగతి చెబుతూ నుంఫా ఇంటిని (కొలొస్సీ 4:15), ఉత్తరం అందుకున్న ఫిలేమోను ఇంటిని కూడా అలాగే పేర్కొన్నాడు.

సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపోస్ అనే పాత నగరం ఉంది. 1930ల తవ్వకాల్లో అక్కడ మూడో శతాబ్దపు ఇల్లొకటి బయటపడింది. మామూలు ఇల్లే. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే పెద్ద గది చేశారు, ఇంకో గదిలో బాప్తిస్మానికి తొట్టి కట్టారు. కూడుకోవడానికి చోటు చాలక గోడ తీసేసిన ఆ విశ్వాసులు నాకు తరచూ గుర్తొస్తారు.

తర్వాతి కాలాల్లోనూ సంఘం చల్లబడినప్పుడు ఇళ్లే మళ్లీ వేడి పుట్టించాయి. 1670లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ యాకోబ్ స్పేనర్ అనే సంఘ కాపరి తన ఇంట్లో వాక్యం కోసం కూడికలు పెట్టాడు. 1742లో ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక గుంపుగా చేసి, తలా వారానికి ఒక పెన్నీ వసూలు చేసే బాధ్యత గుంపుకి ఒకరి చొప్పున అప్పగించారు. వసూలుకి ఇల్లిల్లూ తిరుగుతుంటే ఎవరి బతుకు ఎలా ఉందో తెలియడం మొదలైంది. డబ్బు కోసం పెట్టిన ఏర్పాటు ఆత్మల బాగోగులు చూసే ఏర్పాటుగా మారింది. గడప దాటి లోపలికి వెళ్తే జరిగేది ఇదే.

ఇంకో మాట. కొత్త నిబంధనలో మనం ఆతిథ్యం అని చదువుకునే చోట గ్రీకులో ఉన్న మాట ఫిలోక్సేనియా. పరాయివాడి మీద ప్రేమ అని దాని అర్థం. మన స్నేహితులనే మళ్లీ మళ్లీ పిలుచుకుంటే అది మంచి స్నేహం, కానీ ఆ మాట అడిగేది ఇంకాస్త ఎక్కువ. లూకా 14:12-14లో, తిరిగి పిలవలేనివాళ్లను విందుకు పిలవమని ప్రభువు చెప్పాడు.

మొదటి మెట్టు: ఇంట్లోవాళ్లను ఒప్పించడం కాదు, కలుపుకోవడం

చాలా గృహ కూడికలు ఆగిపోయేది ఇక్కడే. ఒకరికి ఉత్సాహం, ఇంకొకరికి చాకిరీ. భర్త ఆదివారం గుడి దగ్గర పదిమందిని పిలిచేసి వస్తాడు, భార్య సోమవారం నుంచి టెన్షన్ పడుతుంది. అలాంటి ఇంట్లో వచ్చినవాళ్లకి ఎంత తిండి పెట్టినా మనశ్శాంతి మాత్రం దొరకదు. "సణుగుకొనకుండ ఒకనికి ఒకడు ఆతిథ్యము చేయుడి" అని పేతురు రాసింది (1 పేతురు 4:9) ఊరికే కాదు. సణుగుడు ఎక్కడ పుడుతుందో ఆయనకు తెలుసు.

కాబట్టి ముందు ఇంట్లో అందరూ కూర్చోండి, పిల్లలతో సహా. ఏ రోజు వీలవుతుంది, ఎంతసేపు, ఏ గది ఇస్తాం, ఏ గది ఇవ్వం, ఎవరు ఏ పని చేస్తారు అని మాట్లాడుకోండి. చదువుకునే పిల్లలుంటే పరీక్షల రోజుల్లో కూడిక మా ఇంట్లో వద్దని చెప్పే హక్కు వాళ్లకి ఇవ్వండి. వయసు మళ్లినవాళ్లుంటే వాళ్లు పడుకునే వేళ అడగండి. ఒకరు నిజంగా ఇష్టపడకపోతే ఆగండి. అలా ఆగిన రోజుల్లో వేరేవాళ్లింట్లో కూడికకి వెళ్లి సాయం చేయండి. మీ ఇంటి తలుపు దానంతట అదే తెరుచుకునే రోజు వస్తుంది.

తర్వాత మీ కాపరితో మాట్లాడండి. "మేము ఇలా అనుకుంటున్నాం, మా కోసం ప్రార్థన చేయండి, మీకు తెలిసిన ఒంటరివాళ్లు ఉంటే చెప్పండి" అంటే సరిపోతుంది. చెప్పకుండా మొదలుపెడితే వేరు కుంపటి పెట్టారన్న అనుమానం పుడుతుంది, దాన్ని తుడవడం చాలా కష్టం. మీరున్న చోట ఇళ్లలో కూడికలకి అనుమతి లాంటి నియమాలు ఉంటే ముందే కనుక్కోండి. పక్కింటివాళ్లకి కూడా ఒక మాట చెప్పండి: ఫలానా రోజు, ఇన్ని గంటలకి, కొంచెం పాటలు వినిపిస్తాయి, ఇబ్బంది అయితే చెప్పండి అని. అలా చెప్పడానికి వెళ్లినప్పుడే మాకు పక్కింటివాళ్లతో మొదటిసారి సరైన పరిచయం అయింది.

రెండో మెట్టు: చిన్నదిగా, గడువు పెట్టుకుని మొదలుపెట్టడం

"ఇకనుంచి ప్రతివారం మా ఇంట్లో కూడిక" అని ప్రకటించకండి. ఎనిమిది వారాలు అనండి. లేదా రెండు వారాలకొకసారి చొప్పున ఆరు కూడికలు. గడువుంటే వచ్చేవాళ్లకి ధైర్యం, పిలిచేవాళ్లకి ఊపిరి. ఎనిమిదో వారం కూర్చుని ఏం బాగుంది, ఏది బరువైందని మాట్లాడుకుని, రెండు వారాలు విరామం తీసుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. రోజు, వేళ మాత్రం మార్చకండి. వారానికొక రోజు మారితే ప్రతిసారీ కొత్తగా పిలవాల్సి వస్తుంది. రోజు స్థిరంగా ఉంటే మనుషులే గుర్తుపెట్టుకుని వస్తారు.

ఎంతమంది? ఇంట్లోవాళ్లతో కలిపి ఎనిమిది నుంచి పన్నెండు. దీనికి లెక్క ఉంది. ఎనిమిది మంది ఉంటే వాళ్ల మధ్య 28 జతలు, పదిహేను మంది ఉంటే 105. అన్ని జతల మధ్య పరిచయం పెరగాలంటే ఎన్ని సాయంత్రాలు కావాలో ఆలోచించండి. ఇంకో వైపు నుంచి చూసినా అంతే. మాట్లాడుకోవడానికి 45 నిమిషాలుంటే తొమ్మిది మందికి తలా ఐదు నిమిషాలు వస్తాయి, పదిహేను మందికి మూడే. మూడు నిమిషాల్లో ఎవరూ మనసు విప్పరు, పైగా నోరున్నవాళ్లే మాట్లాడతారు. సంఖ్య పెరిగితే దేవుడు దీవిస్తున్నాడని మనకి అలవాటుగా అనిపిస్తుంది. గృహ కూడిక విషయంలో మాత్రం పదిహేను దాటిందంటే ఇంకో ఇల్లు వెతకాల్సిన వేళ అయిందని అర్థం.

మూడో మెట్టు: ఎవరిని, ఎలా పిలవాలి

ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. మీకు బాగా తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు చాలు. తర్వాత సంఘంలో ముఖం తెలుసు, మనిషి తెలియదు అనుకునేవాళ్లు. ఆ తర్వాత, ఈ మధ్యే వచ్చినవాళ్లు, ఒంటరిగా ఉంటున్నవాళ్లు, విధవరాళ్లు, ఇంటికి దూరంగా చదువుకుంటున్నవాళ్లు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చి సొంతవాళ్ల మధ్య ఒంటరైనవాళ్లు. ఈ చివరి గుంపు నుంచి కనీసం ముగ్గురి పేర్లు లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ రాయండి. అందరూ ఒకే వయసువాళ్లు, అందరూ దంపతులే కాకుండా చూడండి. పెళ్లికాని ఒక యువకుడు నలుగురు దంపతుల మధ్య కూర్చుంటే మర్యాదకి రెండు వారాలు వస్తాడు, మూడోవారం రాడు. అతని ఈడువాళ్లు ఇంకొకరైనా ఉండాలి.

"ఎప్పుడైనా మా ఇంటికి రండి" అనేది పిలుపు కాదు, పలకరింపు. అందరం అంటాం, ఎవరూ రారు. పిలుపంటే రోజు, వేళ, ఎంతసేపు, ఏం చేస్తాం, ఇంకెవరుంటారు అనేవన్నీ చెప్పాలి. ఉదాహరణకి ఇలా: "శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మా ఇంటికి రండి అక్కా. కలిసి భోంచేసి, కాసేపు వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకుంటాం. ఎనిమిది మందిమి ఉంటాం. ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది. పిల్లల్ని కూడా తీసుకురండి." ముందు నోటితో పిలవండి, తర్వాత దారి చెప్పే మెసేజ్ పెట్టండి, ముందురోజు గుర్తు చేయండి. గ్రూప్‌లో ఒక మెసేజ్ పడేసి ఊరుకుంటే అది ఎవరికీ తనని పిలిచినట్టు అనిపించదు. బిడియస్తులైతే వెళ్లి వెంటబెట్టుకుని రండి. కొత్త ఇంటి గుమ్మం ముందు ఒంటరిగా నిలబడి తలుపు కొట్టడం కొందరికి చాలా పెద్ద పని.

ఇంకా నమ్మకంలోకి రాని స్నేహితుణ్ణి పిలుస్తుంటే ప్రార్థన, వాక్యం ఉంటాయని ముందే చెప్పండి. భోజనానికని పిలిచి కూర్చోబెట్టి సువార్త చెప్పడం నిజాయితీ కాదు. చెప్పినా వస్తే అది ఆయన తీసుకున్న అడుగు, దాన్ని గౌరవించండి.

నాలుగో మెట్టు: ఇల్లు సర్దుకోవడం

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే మనం ఎక్కువ కష్టపడేది అనవసరంగా ఇక్కడే. కూర్చునే చోటు, స్నానాల గది, తాగే నీళ్లు శుభ్రంగా ఉంటే చాలు. మిగతా గదుల తలుపులు వేసేయండి. నలభై నిమిషాలకి మించి సర్దితే వచ్చేవారం మీకే విసుగొస్తుంది. ఇల్లు అద్దంలా ఉంటే వచ్చినవాళ్లు తమ ఇంటిని దానితో పోల్చుకుంటారు, వాళ్ల ఇంట్లో కూడిక పెట్టడానికి జంకుతారు. మూలన మడతపెట్టని బట్టలు కనబడితే ఊపిరి పీల్చుకుంటారు.

శ్రద్ధ పెట్టాల్సింది కూర్చునే తీరు మీద. అందరికీ అందరి ముఖాలు కనబడేలా గుండ్రంగా వేయండి. ఒకరి వెనక ఒకరు కూర్చుంటే అది సభ అయిపోతుంది. మంచి కుర్చీ ఇంటాయన కోసం ఉంచకండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి బీదవాణ్ణి పాదపీఠం దగ్గర కూర్చోమనే పక్షపాతాన్ని యాకోబు గట్టిగా ఖండించాడు (2:1-4). మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎత్తైన కుర్చీ, చెవులు సరిగ్గా వినపడనివాళ్లకి మధ్యలో చోటు. ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అది ఇంకా పిలవని మనిషిది. కూడికలో ఆ కుర్చీ వైపు చూసి "వచ్చేవారం ఇక్కడ ఎవరు?" అని అడగడం మాకు అలవాటు.

ఐదో మెట్టు: భోజనం

ప్రభువు సువార్తల్లో చాలాచోట్ల అతిథిగానే కనబడతాడు. లేవి ఇంట్లో, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో, మార్త ఇంట్లో, జక్కయ్య ఇంట్లో. తిరిగి లేచాక ఎమ్మాయులో కూడా, తనని గుర్తుపట్టని ఇద్దరు శిష్యులు బలవంతం చేస్తే లోపలికి వెళ్లాడు. కానీ భోజనానికి కూర్చున్నాక రొట్టె పట్టుకుని స్తోత్రం చేసి విరిచి పంచింది ఇంటివాళ్లు కాదు, ఆయన. ఆ క్షణంలోనే వాళ్ల కళ్లు తెరుచుకున్నాయి (లూకా 24:30-31). అతిథి చేతికి రొట్టె ఇచ్చిన ఇల్లు అది. యోహాను 21లో కూడా చూడండి. శిష్యులు చేపలు పట్టి వచ్చేసరికి ఒడ్డున నిప్పుల మీద చేపలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అయినా "మీరు పట్టినవాటిలో కొన్ని తెండి" అన్నాడు. ఆయనకి కొరత లేదు, వాళ్లకి వాటా ఇచ్చాడు.

అందుకని మొదటి వారం మీరే వండండి, రెండోవారం నుంచి పంచండి. "ఏం తీసుకురమ్మంటారు?" అని ఎవరైనా అడిగితే "ఏం వద్దండీ, మీరు రండి చాలు" అనే మాట నాలుక చివర దాకా వస్తుంది. దాన్ని మింగేయండి. ఏదో ఒకటి చెప్పండి. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఖర్చులేని పని ఇవ్వండి: కాస్త ముందొచ్చి కుర్చీలు వేయడం, వడ్డించడం, పిల్లల్ని చూడటం. ఎవరికి ఏ పని ఇచ్చారో గుర్తుపెట్టుకుని మళ్లీ అదే ఇవ్వండి, మూడోసారికి అది వాళ్ల పని అయిపోతుంది.

వంట ఒకటో రెండో రకాలకి మించకూడదని అందరూ ముందే ఒప్పందం చేసుకోండి. ఒక ఇంట్లో ఐదు రకాలు చేస్తే తర్వాతి ఇంట్లో ఆరు చేయాలనిపిస్తుంది, ఆ పోటీలో బీదవాళ్లు తప్పుకుంటారు. కొరింథు సంఘంలో కలిసి తినే బల్ల దగ్గరే ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తుతో ఉన్నారని పౌలు ఎంత బాధపడ్డాడో 1 కొరింథీ 11లో చూడొచ్చు. ఎవరికి ఏది పడదో, ఎవరు ఏది తినరో ముందే అడగండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి వేళకి భోజనం పెట్టాలి, వాక్యం పొడుగైందని ఆపకూడదు. నేనైతే భోజనం ముందే పెట్టమంటాను. పని నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఆకలితో వాక్యం వినలేరు. పైగా కలిసి తిన్నాక నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. మర్చిపోకండి, కడగడం కూడా అందరి పనే. ప్లేట్ల దగ్గర ఇద్దరిద్దరు చొప్పున నిలబడనివ్వండి.

ఆరో మెట్టు: ఆ రెండు గంటలు

మేము చాలా మార్చి చివరికి కుదుర్చుకున్న క్రమం ఇది. మీకు వీలుగా మార్చుకోండి.

6:30 – రాక, భోజనం. ముప్పావుగంట.
7:15 – రెండు పాటలు, ఒక చిన్న ప్రార్థన.
7:25 – వాక్యం, మాటలు. ముప్పై ఐదు నిమిషాలు.
8:00 – ఒకరి కోసం ఒకరు ప్రార్థన.
8:30 – ముగింపు. వెళ్లాల్సినవాళ్లు వెళ్తారు, ఉండాలనుకునేవాళ్లు ఉంటారు.

పాటలు అందరికీ వచ్చినవే ఎంచుకోండి. కొత్తవాళ్లకి చేతిలో మాటలు ఉండాలి, కాగితం మీదో ఫోన్‌లోనో.

వాక్యం ప్రసంగం అవ్వకూడదు. ప్రసంగం ఆదివారం వింటాం. పది, పదిహేను వచనాల భాగం తీసుకుని ఇద్దరితో రెండుసార్లు చదివించండి. తర్వాత ప్రశ్నలు. అవునో కాదో చెప్పి ఊరుకునే ప్రశ్న వేయకండి. "ఈ భాగంలో మిమ్మల్ని ఆపిన మాట ఏది?", "ఇందులో ఎవరి స్థానంలో మిమ్మల్ని చూసుకున్నారు?", "ఈ వారం మన ఇంట్లో, పనిలో ఇది పాటిస్తే ఏం మారుతుంది?" ఈ మూడింటితో నెలల తరబడి నడపొచ్చు. అడిగాక ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం నడిపేవాడికే భయం, ఆలోచిస్తున్నవాళ్లకి కాదు. ఏడో ఎనిమిదో లెక్క దగ్గర, ఎప్పుడూ మాట్లాడని మనిషి గొంతు సవరించుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ముందే మనం నోరు తెరిస్తే ఆ మాట లోపలే ఉండిపోయేది.

చదవడం రానివాళ్లు ఉండొచ్చు. అందుకే వరుసగా అందరితో చదివించకండి, ఇష్టమైనవాళ్లను అడగండి. ఎవరినీ పేరు పెట్టి ప్రార్థన చేయమనకండి, ముందే అడిగి ఒప్పుకుంటే తప్ప. బయటికి ప్రార్థన చేయడం భయమని రావడం మానేసినవాళ్లు ఉన్నారు.

ముగింపు వేళ కచ్చితంగా పాటించండి. పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాళ్లు, పిల్లల్ని పడుకోబెట్టాల్సినవాళ్లు లేవలేక కూర్చుంటారు, వచ్చేవారం రాలేకపోతారు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే యువకుడు నిద్రలోకి జారి మూడో అంతస్తు కిటికీ నుంచి పడిపోయాడు (అపొ. కా. 20:7-12). అతన్ని దేవుడు బతికించాడు. శరీరం అలసిపోతుందన్న సంగతి కూడా ఆ అధ్యాయం మనకి చెబుతోంది.

ఏడో మెట్టు: ప్రార్థన విన్నపాలు, వాటి మర్యాద

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, పేరు, విన్నపం, పక్కన ఖాళీ గడి. వచ్చేవారం ఆ గడి దగ్గర నుంచే మొదలుపెట్టండి: "మీ అమ్మగారి ఆపరేషన్ ఎలా అయింది?" తన మాట ఎవరో వారమంతా మోశారని తెలిసిన మనిషి మళ్లీ తప్పకుండా వస్తాడు. జవాబు వచ్చినవాటిని రాయండి, రానివి కూడా దాచకండి. అందరం కన్నీళ్లతో ప్రార్థించినా బతకని ఒక బిడ్డ పేరు మా నోట్‌బుక్‌లో ఉంది. ఆ పేజీ ఎవరూ చింపలేదు. ఆ వారం ఎవరూ వివరణలు ఇవ్వలేదు, ఆ తల్లి పక్కన కూర్చుని ఏడ్చారు. అంతకంటే పెద్ద ప్రసంగం మా ఇంట్లో జరగలేదు.

ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. ఈ మాట మొదటిరోజే అందరి ముందూ చెప్పండి, కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ చెప్పండి. "ఫలానా వాళ్ల కోసం ప్రార్థన చేయాలి, వాళ్లింట్లో గొడవట" అనేది విన్నపం రూపంలో వచ్చిన చాడీ. దాన్ని మెల్లగా ఆపండి: "వాళ్లు చెప్పమన్నారా? లేకపోతే మనం వివరాలు లేకుండానే ప్రార్థన చేద్దాం." ఒక్క రహస్యం బయటికి పొక్కితే ఆ గదిలో మళ్లీ అందరూ "ఆరోగ్యం కోసం" అనే మాటకే వచ్చేస్తారు.

కానీ గోప్యతకి హద్దుంది. పిల్లల మీద అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన: ఇవి విన్నప్పుడు మౌనంగా ఉండటం పాపం. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్ దగ్గరికో, పోలీసుల దగ్గరికో, తెలిసిన కౌన్సెలర్ దగ్గరికో తీసుకెళ్లండి. "సర్దుకుపో అమ్మా, ప్రార్థన చేద్దాం" అని కొట్టే ఇంటికే తిరిగి పంపించడం ఆతిథ్యం కాదు. పిల్లల విషయంలో ఇంకో నియమం: ఏ పెద్దవారూ వేరేవాళ్ల పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఎంత నమ్మకమైన మనిషైనా సరే.

ఇబ్బందులు వచ్చినప్పుడు

అందరి సమయం తనే తీసుకునే మనిషి ప్రతి కూడికలో ఉంటాడు. చాలాసార్లు ఇంట్లో అతని మాట వినేవాళ్లు లేక ఇక్కడ పొంగుతుంది. నలుగురిలో ఆపితే గాయపడతాడు. అపొల్లో బోధలో కొరత కనబడినప్పుడు అకుల, ప్రిస్కిల్ల సమాజమందిరంలో లేచి తప్పుపట్టలేదు, అతన్ని చేర్చుకుని విశదంగా చెప్పారు (అపొ. కా. 18:26). అలాగే వారం మధ్యలో కలిసి అతని మాట మొత్తం వినండి, తర్వాత "అన్నా, కూడికలో తక్కువ మాట్లాడేవాళ్లని మనిద్దరం కలిసి మాట్లాడిద్దాం, సాయం చేస్తారా?" అని అడగండి. సమస్యగా కనబడ్డ మనిషికే బాధ్యత ఇస్తే చాలాసార్లు అది తీరిపోతుంది.

అప్పులు, వ్యాపారాలు, రాజకీయాలు: ఈ మూడింటినీ కూడిక దగ్గరికి రానివ్వకండి. ఒకరికి నిజంగా అవసరం వస్తే తిరిగి రాకపోయినా ఫర్వాలేదన్నంత ఇవ్వండి, కానుకగా ఇవ్వండి. విశ్వాసుల మధ్య అప్పు పుట్టిన రోజు నుంచి ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఒకరి కంట ఒకరు పడకుండా తప్పుకు తిరుగుతారు. గుంపులోవాళ్లకి పాలసీలు, సభ్యత్వాలు అమ్ముతుంటే మొదటిరోజే స్పష్టంగా వద్దనండి.

ఇంటి యజమాని వైపు నుంచి వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. ఇల్లు మనది, నడిపేది మనం, మెల్లగా అందరూ మన మాటే వినాలనిపిస్తుంది. యోహాను మూడో పత్రికలో ఇద్దరున్నారు. గాయు పరాయివాళ్లైన సహోదరులను చేర్చుకున్నాడు. దియొత్రెఫే ప్రధానత్వం కోరి చేర్చుకోలేదు, చేర్చుకునేవాళ్లను కూడా ఆటంకపరిచాడు. నెలకోసారైనా వేరే ఇంట్లో కూడండి, వాక్యం వేరేవాళ్లు నడపనివ్వండి. మీరు ఊళ్లో లేనప్పుడు కూడిక ఆగిపోతుంటే దాన్ని గొప్పగా అనుకోకండి.

కూడిక లేని ఆరు రోజులు

ఎవరైనా ఆసుపత్రిలో చేరితే ఎవరు భోజనం పంపాలి, ఎవరు రాత్రి తోడుండాలి, పిల్లల్ని ఎవరు బడికి దింపాలి అని ఒక కాగితం మీద రాసుకోండి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే కష్టంలో ఉన్నవాళ్లు చెప్పరు. "రేపు మధ్యాహ్నం భోజనం మేము తెస్తున్నాం, గిన్నెలు ఎల్లుండి తీసుకెళ్తాం" అనండి. మరణం జరిగిన ఇంటికి మొదటి మూడురోజులు అందరూ వెళ్తారు. మీరు నలభైరోజుల తర్వాత వెళ్లండి, ఆరో నెలలో వెళ్లండి, ఏడాది తిరిగిన రోజున ఫోన్ చేయండి. రెండు వారాలు రానివాళ్లకి "ఎందుకు రాలేదు?" అనకండి, "మీ చోటు ఖాళీగా ఉంది, ఎలా ఉన్నారు?" అనండి.

మీ ఇంట్లో కూడిక పెట్టలేని పరిస్థితి కూడా ఉండొచ్చు. ఒకే గది, ఇంట్లో నమ్మకం లేనివాళ్లు, హాస్టల్ బతుకు. ఆతిథ్యం ఇంటి కొలతను బట్టి ఉండదు. ఇద్దరిని బయట ఎక్కడో కూర్చోబెట్టుకుని మాట వినొచ్చు. ఇల్లున్నవాళ్లతో జతకట్టి వాళ్ల గదిలో మీరు మనుషుల్ని పిలవొచ్చు. భార్య లేదా భర్త నమ్మకంలో లేకపోతే వాళ్ల ఇష్టానికి వ్యతిరేకంగా ఇంటి నిండా జనాన్ని పిలిచి మొండిపట్టు పట్టకండి.

ఒక ఇల్లు రెండు ఇళ్లు కావడం

పదిహేను దగ్గరికి వచ్చేసరికి విడిపోవడం గురించి మాట్లాడాలి, ఆ మాట అందరికీ చేదుగానే ఉంటుంది. కాబట్టి మొదటిరోజు నుంచే ఇంకో జంటను, లేదా ఇంకో ఇద్దరిని మీతో పాటు నడిపించండి. ముందు వాళ్లు చూస్తారు, తర్వాత ఒక భాగం నడుపుతారు, తర్వాత మొత్తం వాళ్లు నడుపుతుంటే మీరు చూస్తారు, ఆ తర్వాత మీరు లేకుండా. దీనికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. విడిపోయేటప్పుడు స్నేహితులందరినీ ఒకవైపు లాగేయకండి. కొత్త ఇంటికి దగ్గరగా ఉన్నవాళ్లు, ఆ జంటతో బాగా కలిసిపోయినవాళ్లు వెళ్లనివ్వండి. మూడు నెలలకోసారి రెండు ఇళ్లవాళ్లూ కలిసి భోంచేయండి.

మా దగ్గర మొదటిసారి విడిపోయినప్పుడు కొత్త ఇల్లు ఎవరిదో చెప్పాలి. ఆ రోజు ప్లేటు పట్టుకుని ఆగిపోయిన సోదరిదే. ఆమె భర్తకి అప్పటికి పని దొరికింది. మొదటి శుక్రవారం మేము వెళ్లేసరికి ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చోబోతుంటే ఆమె లోపలి నుంచి గుడ్డ పట్టుకుని వచ్చింది. "అక్కడ కూర్చుంటారేంటి, ఇలా రండి" అని నా చేతికి ఇచ్చింది.